గూడ్సు పోయేదాకా

పిలకాయలకి కుర్చీ చేతుల మీద అడ్డంగా
ఒక చెక్క వేస్తాను నేను.
మా నాయన నాటి వేపచెక్క.
ఎన్ని నిక్కర్లు రాసుకున్నాయో దానికి,
గాజులా నున్నబడిపోయింది.
దాని మీదెక్కి ఏడవని పిలకాయి
బిట్రగుంట మొత్తం వెతికినా దొరకడు.

పెంచల సాయి మాత్రం ఏడవడు.
అదే నాకు భయం.

గాంగ్‌మన్ మాల్యాద్రి కొడుకు. మూడో తరగతి.
మాట మొదటి అక్షరం దగ్గరే నిలబడిపోద్ది వాడికి,
ఔటర్లో ఆపేసిన బండి మాదిరి.
అందుకని ఈ మధ్య
బయలుదేరడమే మానుకున్నాడు.

రెణ్ణెల్లకోసారి వాళ్ళ నాయన రెక్క పట్టుకొచ్చి
చెక్క మీద కూలేసి
"మిలిటరీ కొట్టు మామా" అని
పేపరు విప్పుకుంటాడు.
తలకాయ ఒకరిది, మాట ఇంకొకరిది.
నేనూ కొట్టేవాణ్ణి.
డబ్బులిచ్చే చెయ్యి ఎవరిదైతే
నోరూ వాళ్ళదే గదా, మా షాపులో.

ఈ ఆదివారం
గుడ్డ కప్పి మెడ వెనక ముడేస్తుంటే
వేలి కింద నరం టకటకా కొట్టుకుంటా ఉంది.
గుడ్డ లోపల రెండు పిడికిళ్ళు
ఎలకపిల్లల్లా అటూ ఇటూ కదిలాయి.
నీళ్ళు చిమ్మితే ఉలిక్కిపడ్డాడు.
మిషన్ బుర్రుమనగానే
భుజాలు రెండూ చెవులదాకా లేచొచ్చాయి.
"గమ్మునుండరా" అన్నాడు మాల్యాద్రి, పేపర్లోంచి తల ఎత్తకుండా.
గమ్మున గాక వాడు
ఎప్పుడున్నాడు గనక.

"రెండు సుడులురా నీకు, ఇద్దరు పెళ్ళాలు" అన్నాను
నవ్విస్తామని.
నవ్వలా.
అద్దంలో నన్నే చూస్తా ఉన్నాడు.
పెదాలు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి,
ఎండిన చెరువులో, చివరి గుంటలో
కొరమీను మాదిరి.

అప్పుడొచ్చింది గూడ్సు.

మాకూ పట్టాలకీ మధ్య ఒక గోడ, ఒక తుమ్మ చెట్టు, అంతే.
బొగ్గుబండి పోతుంటే
గ్లాసులో దువ్వెనలు వణుకుతాయి,
పౌడరు డబ్బా తనంతట తానే
బల్ల అంచుకి నడిచొస్తది.
మనిషి చెవిలో అరిచినా మనిషికి వినపడదు.

ఆ మోతలో మాట్లాడాడు వాడు.

ఆగి ఆగి మాట్లాడాడో, గడగడా మాట్లాడాడో
నాకు తెలవదు. వినపడితే గదా.
నలభై ఏళ్ళుగా మనుషుల మొహాలు
అద్దంలోనే చూస్తున్నవాణ్ణి,
పెదాలు చదవడం నాకొక లెక్కా.

చెవుల మీద ఉంచు తాతా.
బళ్ళో చెవులపిల్లి అంటన్నారు.

చివరి పెట్టె దాటిపోయింది.
టక్కున నోరు మూసేశాడు, ఏం ఎరగనట్టు.
నేనూ ఏం ఎరగనట్టే
మిషన్ ఆపి, తీగ చుట్టి,
కత్తెర తీశాను.

మిలిటరీ అయితే పది నిమిషాల పని.
ముప్పావుగంట పట్టింది.
వెనక్కాల రెండుసార్లు "టిక్కెట్లు" పిలిచి పోయారు,
పోనీ.

"ఇదేంది మామా" పేపరు మడిచాడు మాల్యాద్రి.
"చెవుల మీద గడ్డి అట్నే వదిలేశావ్?"
"అడిగాడు" అన్నాను.
"ఎవరు?"

నేను చెప్పలా.
గుడ్డ దులుపుతా నిలబడ్డాను.
ఈసారి గూడ్సు లేదు,
పైన ఫ్యాను ఒక్కటే కిరకిరమంటా ఉంది.

"నే..." అన్నాడు చెక్క మీది వాడు.
మిగతా మాట అందివ్వబోయాడు వాళ్ళ నాయన,
అలవాటు గదా.
దువ్వెన అడ్డం పెట్టాను.

"నే... నే..."

గేటు వేసున్నప్పుడు
ఇటో సైకిలు, అటో సైకిలు నిలబడ్డట్టు
మేమిద్దరం నిలబడ్డాం.
బండి వచ్చేదాకా గేటెత్తకూడదని
గాంగ్‌మన్‌కి నేను చెప్పాలా.

నేల మీద కత్తిరించిన వెంట్రుకలు
ఫ్యాను గాలికి
కాసేపు లేస్తా, కాసేపు పడతా ఉన్నాయి.