పైపు ముట్టుకోకూడదు

ఆనందపురం పూలమార్కెట్టు దాటాక
హైవే పక్కన ఎకరం పాతిక సెంట్లు.
ఎనభై సెంట్లు మావి, మిగతాది కౌలు.
ఆడిటరు కాగితం పరిచి అడిగాడు:
"తర్వాత ఎవరు, బాబూ?"
ముందు మందారాల లెక్క రాసుకోమన్నాను.

అరవై ఆరు నిండాయి. మోకాలు వంగనంటోంది.
అంటు కట్టాలంటే నేల మీద కూర్చోవాలి,
కూర్చుంటే లేవడానికి
ఒక డ్రమ్మో, ఒక మనిషో ఉండాలి.

మా అయ్య రాయించిన బోర్డు:
"సరగడం నర్సరీ అండ్ సన్స్."
అయ్యకి నేనొక్కణ్ణే కొడుకుని.
"సన్స్ ఎందుకయ్యా?" అంటే
"అక్షరానికింతని కాదురా,
బోర్డుకింతని తీసుకున్నాడు పెయింటరు" అన్నాడు.
హుద్‌హుద్ నాడు అది ఎగిరిపోయి
మూడో రోజున జీడితోటలో దొరికింది.
ఇప్పుడు వానపాముల షెడ్డుకి అదే కప్పు.

ఆ గాలివాన మర్నాడు
షేడ్‌నెట్టు చాపలా నేలంతా పరుచుకుంది.
దాని కింద రెండు వేల మామిడంట్లు బతికాయి,
చీటీలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.
ఏది సువర్ణరేఖ, ఏది పనుకుమామిడి,
ఏది కొత్తపల్లి కొబ్బరి?
నేను తల పట్టుకుని కూర్చుంటే
పన్నెండేళ్ళ నూకరత్నం
ఒక్కో ఆకు నలిపి, వాసన చూసి,
సంచుల మీద పేర్లు రాసుకుంటూ పోయింది.
నాలుగేళ్ళకి అవి కాపుకొచ్చాయి.
తిట్టడానికి వచ్చినవాళ్ళు పదకొండుమంది.
నేను రాసుంటే వందమంది వచ్చేవారు.
ఈ మాట దానికి ఇంతవరకూ చెప్పలేదు.

కిశోర్ గంగవరం పోర్టులో క్రేను నడుపుతాడు.
ఆదివారాలొచ్చి
ఎర్రమట్టి లారీ ఒక్కడే దింపుతాడు.
"లేఔటు వాళ్ళకిచ్చేద్దాం నాన్నా" అంటాడు,
కోపంగా కాదు,
నా మోకాలి వైపు చూస్తూ.

అసిరయ్య ఉన్నాడు, ముప్పై ఒక్క ఏళ్ళుగా.
భీమిలి దాకా ఏ పెరట్లో మామిడి కాసినా
మొదట్లో అతని కత్తిగాటు ఉంటుంది.
మా కాగితాల్లో ఎక్కడా అతని పేరు లేదు.

మంగళవారం రాత్రి రత్నం నోటుపుస్తకం తెచ్చింది.
నన్ను సంతకం పెట్టమంటుందనుకున్నాను.
అవి దాని షరతులు.
దానికి నెలనెలా జీతం. చేతిఖర్చు కాదు, జీతం.
అంట్ల మీద రూపాయికి పది పైసలు అసిరయ్యకి,
నోటిమాటగా కాదు, రాతలో.
తల్లిచెట్లున్న ఇరవై సెంట్లు
అన్న గానీ, నేను గానీ, నువ్వు గానీ అమ్మకూడదు.
ఆఖరిది పైకి చదవలేదు,
పుస్తకం నా వైపు తిప్పింది:
"నాన్న పైపు ముట్టుకోకూడదు."

నలభై నాలుగేళ్ళు నా చేతిలో ఉన్న పైపు.
పాసుపుస్తకం అడిగితే ఇచ్చేవాణ్ణి,
బీరువా తాళం అడిగితే ఇచ్చేవాణ్ణి.

రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.
మూడో రోజు అసిరయ్య, కట్టు బిగిస్తూ, తలెత్తకుండా,
"అంటు కట్టినాక, బాబూ,
పట్టిందో లేదో అని
దినామూ కట్టిప్పి సూత్తే ఏటవుద్ది?"
ఏటవుద్దో నాకు తెలుసు.
అతనికి నేర్పింది నేనే.

ఇప్పుడు గేటు దగ్గర ప్లాస్టిక్ స్టూలు నాది.
కత్తి ఇచ్చేశాను.
చొక్కా జేబులో పాలిథిన్ పట్టీల చుట్ట ఒకటుంది,
అది మాత్రం ఎవరూ అడగలేదు.

పదిన్నర. ఎండెక్కింది.
గులాబీలకి ఇప్పుడు నీళ్ళు పెడుతోంది,
అదీ ఆకుల మీద నుంచి.
నాలుక చివరిదాకా వచ్చింది.
అంతలో కారాపి ఒకావిడ దిగింది:
"ఈ నిమ్మ ఎన్నాళ్ళకి కాస్తుందండీ?
ఓనరు మీరేనా?"
"లోపలుందమ్మా,
పైపు పట్టుకుని."

గులాబీల సంగతి సాయంత్రం చెబుతాను.
అడిగితే.