టైరు కింది రాయి

దినాలైన తెల్లారి
హాలియా నుంచి ఒకాయన వచ్చిండు,
ఫియట్ కొంటనని.
"స్టార్టయితదా?" అన్నడు.

అయితది.
నాయిన పోయిన నాడు పొద్దుగాల కూడ స్టార్టు చేసిండు.
ఎటో పోవడానికి గాదు,
దాని గొంతు ఒకసారి వినడానికి.

దేవరకొండల, డిండి రోడ్డు మీద
మల్సూర్ మేస్త్రీ షెడ్డంటే
పానం పోయిన బండ్ల దవాఖాన అనేటోళ్ళు.
ఆ మాట ఆయనకు నచ్చకపోయేది.
"దవాఖానల తొందరవెడ్తరు,
నా దగ్గర తొందర లేదు" అనేటోడు.

నిజమే.
ఈ ఫియట్ దొరికిన నాడు అది కోళ్ళగూడు.
ఎనక సీట్ల పెట్ట పొదుగుతున్నది.
పిల్లలు లేచేదాక మూడు వారాలు ఆగి
అప్పుడు కట్టిచ్చిండు తాడు.

తొమ్మిదేండ్లు పట్టింది.
నడుమ అక్క పెండ్లి, తమ్ముని ఆపరేషను,
రెండు కరువులు.
డోరు హ్యాండిలు కోసమని
పట్నం జుమ్మేరాత్ బజారు పోయి
అమ్మకు గాజులు తెచ్చిండు,
హ్యాండిలు మరిచి.
ఆ ఎడమ డోరుకు ఏడాదంత
సుతిలి తాడే హ్యాండిలు.

రాత్రిపూట నేను టార్చిలైటు పట్టేదాన్ని.
"నా చేతి మీద గాదు బిడ్డా,
నట్టు మీద వెయ్యి వెలుగు."
నిద్రకు తూగితే వెలుగు కూడ తూగేది.
అప్పుడు పాన కిందపెట్టి
నన్ను భుజాన ఏసుకొని
గ్రీసు వాసనతోటి ఇంట్ల పండవెట్టేది.

ఐతారం షెడ్డు బందు.
అందరం సాగర్ ఎనక నీళ్ళకు.
పాత చెక్క పడవ ఒకటి కొన్నడు,
సందులల్ల కారు పుట్టీ కూరిండు.
జాలరి ఎల్లమంద నవ్వి
"మేస్త్రీ, దీనికి నంబరు ప్లేటేది?" అంటే
పైవారం నిజంగనే ఒకటి కొట్టిండు,
ఎవరి అంబాసిడర్‌దో పాపం.

అమ్మ నడుమ కూసునేది,
సద్దిగిన్నె ఒడిల,
కండ్లు గట్టిగ మూసుకొని.
మా తలకాయలు చేత్తో తడిమి
ఒకటి, రెండు, మూడు అని లెక్కవెట్టేది.
ఒకసారి ఎల్లమంద కొడుకును కూడ కలిపి
నాలుగయినమని లొల్లి వెట్టింది.

నాయిన మాత్రం నీళ్ళ మీద వేరే మనిషి.
షెడ్డుల ఉన్నంత మాట కూడ ఉండేది కాదు.
ఒక జాగకు రాంగనే
తెడ్లు పైకి ఎత్తేటోడు.
"ఇక్కడ్నే" అనేటోడు.
అంతే.
తెడ్ల చివరల నుంచి బొట్లు రాలేది
ఆగేదాక ఊకుండేటోళ్ళం.

ఎన్ని బారల లోతో తెల్వదు,
ఆ కింద ఆయన పుట్టిన ఇల్లు.
నీళ్ళు వచ్చిన ఏడు పదమూడేండ్లోడు.
తుప్పుకు మందున్నది,
సొట్టకు సుత్తె ఉన్నది.
దానికేం చేస్తడు,
పోయి పైన నిలవడుడు తప్ప.

ఒక్క ఎండకాలం, నీళ్ళు బాగ గుంజినప్పుడు
మోకాలు లోతు బురదల నడిచిపోయి
గడప రాయి ముక్క ఎత్తుకొచ్చిండు,
చంటిపిల్లను ఎత్తుకున్నట్టు.
అమ్మ పసుపు తెచ్చింది, దేవుని అర్రల పెడ్తడని.
ఆయన సక్కగ షెడ్డుకు పోయి
ఫియట్ ఎనక టైరు కింద పెట్టిండు.
"హ్యాండ్‌బ్రేకు పట్టదు, ఇది పడ్తది."
పసుపు వట్టిగ పోనియ్యద్దని
అమ్మ టైరుకు పెట్టింది.

హాలియా ఆయన సీట్ల కూసుండు.
తాళం తిప్పంగనే లేచింది ఇంజిను.
రివర్సు ఏసి క్లచ్చి వదిలిండు.
బండి మూలిగింది, ఊగింది,
ఉన్న జాగనే ఉన్నది.
"హ్యాండ్‌బ్రేకు జామయినట్టుంది" అన్నడు.

తమ్ముడు నా దిక్కు చూసిండు.
నేను అమ్మ దిక్కు.
అమ్మ కొంగుతోటి బానెట్టు మీద
లేని దుమ్ము తుడిచి
"చాయ్ తాగి పో నాయినా" అన్నది ఆయనతోటి.

ఇంజిను బందువెట్టనీకె
ఎవ్వరం చెయ్యి పెట్టలే.