తవుడులో తోడు

సకాతా రేవులో నా సెలూన్.
ఇరవై రెండేళ్లుగా తలలు కడుగుతున్నాను.
మనుషులు దాచుకునేవి చాలావరకు
తొట్టి కింది జల్లెడలో తేలతాయి.

ఆ ఫిబ్రవరి రాత్రి, తలుపులు మూసి
నా తల నేనే కడుక్కుంటే
జల్లెడ నిండా నేనే.

నవంబరులో న్యుమోనియా. రెండు వారాల యాంటీబయాటిక్స్.
దొంగ కోసం వచ్చి ఊరు ఊరంతా ఖాళీ చేయించినట్టు
పేగుల్ని ఊడ్చేసి వెళ్లాయి.
మోచేతి మడతల్లో ఎర్రటి దద్దుర్లు,
రంగులు కలిపే వేళ్ల సందుల్లో పగుళ్లు.

"జ్వరం వచ్చిన కబురు జుట్టుకి
మూడు నెలలు ఆలస్యంగా అందుతుంది,
మళ్లీ వస్తుందిలెండి," అన్నాడు డాక్టర్ కుసుమోతో.
మరి కడుపో?
"కడుపుకీ చర్మానికీ మాటలున్నాయి.
మాకింకా సగమే వినబడుతోంది."
ఆ సగానికే ఫీజు తీసుకున్నాడు.

మందుల షాపులో గుళికలు చూశాను.
ఒక్కోదాంట్లో వెయ్యి కోట్ల ప్రాణులట.
అంతమంది ముక్కూమొహం తెలియనివాళ్లని
ఒక్క గుక్కలో ఇంట్లోకి ఎలా పిలవను?

పై వాటా తోకియే పోయినప్పుడు
ఆమె తమ్ముడు సామానంతా లారీకెత్తి
ఒక్క జాడీ మాత్రం నా గుమ్మంలో వదిలాడు.
తడి తవుడు, ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు.
నుకాదొకో.
రోజూ చెయ్యి పెట్టి కలపాలి,
నాగా పెడితే అలుగుతుంది, కంపు కొడుతుంది.

మొదటిరోజు పగుళ్లు చుర్రుమన్నాయి.
గ్లవుజు తొడిగితే
నేనెవరో దానికెలా తెలుస్తుంది?

నలభై ఏళ్లు ఈ తవుడు కలిపింది ఆమె అరచెయ్యి.
ఆ చేతిమీద బతికినవే ఇందులోకి దిగి
కాపురాలు పెట్టాయి,
రాత్రికి ఎన్ని తరాలో.
దహనానికి నేనూ వెళ్లాను.
చెయ్యి మాత్రం కాలలేదు.
ఆ సాయంత్రం ముల్లంగి ముక్క కొరికితే
పుల్లగా, కరకరమంటూ
నా కడుపులోకి దిగింది.

ఏప్రిల్లో నుదుటి అంచున నూగు.
తవుడు వల్లా? డాక్టరన్న మూడు నెలల వల్లా?
జాడీని అడిగాను.
ఒక బుడగ పైకొచ్చి పగిలింది.

ఇవాళ మినెకో తల కడుగుతుంటే
జల్లెడ నల్లబడింది.
ఆమె చూసింది. నేను నీళ్లు తిప్పేశాను.
వెళ్లేటప్పుడు డబ్బాలో గుప్పెడు తవుడు పెట్టిచ్చాను.
"ఇదేంటి?"
తోడు, అన్నాను.
గోళ్లు తీసుకుని కలుపు.