యజమాని బాధ్యతపై

శ్రీకాకుళం కాంప్లెక్సులో
చివరి ప్లాట్‌ఫారం వెనక మా కార్గో కౌంటరు.
రోజుకి నూటపాతిక రసీదులు రాస్తాను,
ప్రతిదాని కింద ఊదారంగు ముద్ర కొడతాను:
"యజమాని బాధ్యతపై".
పదకొండేళ్లుగా కొడుతున్నాను.
యజమాని ఎవరని అడగాల్సిన పని పడలేదు,
మొన్న పుష్యమాసంలో ఆ అట్టపెట్టె దిగేదాకా.

నెల్లూరులో ఎక్కింది.
తుని దగ్గర మంచుకి బండి ఆగిపోయి
తొమ్మిది గంటలు ఆలస్యం.
పెట్టె నిండా పెన్నుతో పొడిచిన బెజ్జాలు.
సరుకు అన్నచోట 'బొమ్మలు' అని ఉంది.
హమాలీ తవిటయ్య చెవి ఆనించి విన్నాడు.
"బొమ్మలకి ఊపిరెందుకమ్మా?"

ఏడురోడ్ల కూడలిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు,
చింతాడ హేమంత్, పరిగెత్తుకొచ్చాడు.
నా ముందే టేపు కోశాడు.
గడ్డం తొండ. ఎక్కడో ఎడారి జాతిదట.
జానెడు పొడుగు, ఇసక రంగు,
కదలిక లేదు.
"తొండకి తొమ్మిదేలా!" తవిటయ్య నోరు తెరిచాడు.
"మా పెరట్లోకి రాపోయినావా బాబూ,
డజను ఊరికే ఇద్దును."
కుర్రాడు నవ్వలేదు.
వేలితో దాని డొక్క తాకి చూశాడు,
వానలో మర్చిపోయిన తోలుచెప్పులా ఉంది.

ఫోను స్పీకరులో పెట్టాడు.
"బండెక్కించిందాకే మాదబ్బా,
అప్పుడు బతికే ఉండింది, వీడియో ఉంది నాకాడ."
"సంతకం పెట్టాకే నాది. ఇంకా పెట్టలేదు."
డ్రైవరు పళ్లు తోముకుంటూ అన్నాడు:
"బొమ్మలని రాసినారు. బొమ్మ సచ్చిపోద్దేటి?"
అందరూ నావైపు తిరిగారు, ఆ ఫోను కూడా.
నేను ముద్ర చూపించాను.

అంటే నెల్లూరికీ మాకూ మధ్య
ఆ ఏడువందల కిలోమీటర్లూ
అది ఎవరిదీ కాదు.
డిక్కీలో, ఇనపబీరువాకీ అరటిపిలకల మూటకీ నడుమ
ఆ చలి ఒక్కటే దానిది.

తవిటయ్య తన బొటనవేలు చూసుకున్నాడు.
కిందటేడు ఫ్రిజ్జు జారి పడ్డ వేలు.
"ఫ్రిజ్జు మీద గీత పడిందని ఆల్లకి డబ్బులొచ్చినాయి.
నా ఏలు రసీదులో నేదు కదమ్మా."

చివరికి సగం సగం అనుకున్నారు.
నాలుగున్నరవేలు టింగుమని ఫోన్లో పడ్డాయి.
కుర్రాడు సంతకం పెట్టాడు.
'సరుకు స్థితి' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది,
తర్వాత రాద్దామని వదిలేశాను.
పెట్టెని బయట గట్టుమీద పెట్టి
పూడ్చే చోటు చూడమన్నాను తవిటయ్యని.

తొమ్మిదిన్నర ఎండ.
టీ గ్లాసు నోటిదాకా వచ్చింది.
"అమ్మా, ఇది నాకేసి సూత్తంది."

ఒక కన్ను. అదీ సగం.
తర్వాత నాలిక కొస.
తర్వాత గడ్డం కింద మెల్లగా నలుపెక్కడం,
కోపమో, ప్రాణమో.

హేమంత్ దాన్ని చొక్కా లోపల గుండెకి ఆనించుకుని
అటూ ఇటూ చూడకుండా వెళ్లిపోయాడు.
నాలుగున్నరవేల మాట అతను ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.
నెల్లూరుకి ఇప్పటికీ అది చచ్చిపోయిన తొండే.

ఖాళీ పెట్టె మడత పెడుతుంటే
అడుగున దొరికింది, ముడివేసిన పసిపిల్ల మేజోడు.
లోపల బియ్యం.
పెనం మీద వేడిచేసి పక్కన పెట్టినట్టున్నారు,
ఒంగోలు దాటేసరికే చల్లారి ఉంటుంది.
గులాబీ రంగుది. మడమ దగ్గర చిరిగితే
ఎవరో ఓపిగ్గా కుట్టారు.
బండెక్కించిందాకే మాదన్న మనిషి ఇంట్లో
ఎవరో.

బియ్యం తవిటయ్య పావురాళ్లకి జల్లాడు.
మేజోడు నా డ్రాయర్లో, ముద్ర పక్కన ఉంది.
తిరిగి పంపాలంటే రసీదు రాయాలి.
విలువ అన్నచోట ఏం వెయ్యాలో
ఇంకా తేలలేదు.