గదికి ఆరుగురు

రాత్రి పన్నెండున్నర.
ఆఫీసులో ఏసీ చప్పుడు, నేను.
నా కంప్యూటర్లో మాత్రం
పద్ధెనిమిది వేల మంది నిద్రపోతున్నారు.

ఊపిరి లేని మనుషులు.
వయసుంటుంది, గది నంబరుంటుంది,
పొద్దున ఎక్కాల్సిన బస్సుంటుంది.
ఒకడికి జ్వరమిచ్చి వదిలేస్తాను.
టీ చల్లారేలోగా నూట ఎనభై రోజులు గడిచిపోతాయి.
ఎవరు పడ్డారో, ఎవరు లేచారో,
ఎవరు లేవలేదో రాసుకుని
మళ్ళీ మొదటి రోజుకి తెచ్చి అందర్నీ లేపుతాను.
వెయ్యిసార్లు.
పాచికలు మాత్రం మారుస్తూ.

అంతా ఒక్క ప్రశ్న కోసం:
టీకా నిజంగా పనిచేస్తే
పనిచేసిందని మనకి తెలియడానికి
ఎన్ని గదులు కావాలి?
తక్కువైతే మంచి మందు కూడా ఓడిపోయినట్టే కనబడుతుంది.
ఎక్కువైతే
అన్ని జబ్బలు, అన్ని సూదులు, ఊరికే.

రాజాంలో మా పిన్ని
పడుగు పరిచేముందే పోగులు లెక్కపెట్టేది.
నేత మొదలయ్యాక లెక్కపెడితే
అది లెక్క కాదు, ఏడుపు అనేది.

డాక్టర్ మోజా ఫారంలో రాసిచ్చింది:
గదికి ఆరుగురు.
కంపెనీ కాగితంలోనూ అంతే.
ఆరు మంచాలు, ఆరు పేర్లు, ఆరు తాళంచెవులు.
ఆ ఆరు మీద మేడ కట్టాను.
అరవై నాలుగు గదులు చాలన్నాను.

శుక్రవారం షార్జా దాటి సజ్జా వెళ్ళాం.
సిమెంటు లారీలు, ఎండకి వెలిసిన నీలం గేటు,
తీగమీద ఒకే రంగు చొక్కాలు వందో, రెండొందలో.
నా ఫోన్ మాటలు విని ఒకాయన ఆగాడు.
గుగ్గిల్ల రాజలింగు. జగిత్యాల అవతల.
పదకొండేళ్ళుగా స్కాఫోల్డింగ్ పని.

"ఆరుగురా?" నవ్విండు, ఆయన మాటలోనే చెప్పాలంటే.
"మంచాలు ఆరే మేడమ్.
నేను రాత్రి డ్యూటీకి పోంగనే
అవతలి బిల్డింగు షఫీకుల్ వచ్చి పండుకుంటడు.
ఆడ నల్లులు ఎక్కువ.
ఆయన లేస్తే నేను.
మా మంచం ఎన్నడు సల్లారదు."

దగ్గు సంగతి అడిగాను.
"దగ్గు బస్సులనే దగ్గుకోవాలె.
బాస్ ముంగట దగ్గితే
టికెట్ చేతిల పెడ్తడేమోనని భయం."

'జ్వరం వచ్చినవాడు మూడోరోజు క్లినిక్‌కి వెళ్తాడు'
అని రెండేళ్ళ కింద ఒక వరుస రాశాను.
ఏ ఆధారంతో రాశానో ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు.

చివరికి ఆయనే అడిగాడు:
"సూది వద్దంటే వద్దనచ్చా?"
అనొచ్చు, అన్నాను.
ఆయన నన్ను చూడలేదు. గేటుని చూశాడు.

తిరిగొచ్చి మేడ కూల్చాను.
ఈ బిల్డింగుకి టీకా, ఆ బిల్డింగుకి ఇంకా లేదు,
రెండూ పోల్చి చూద్దామనుకున్నాం కదా.
కాగితం మీద అక్కడివాడు షఫీకుల్,
నిద్ర మాత్రం ఇక్కడ.
టీకా పడ్డ గదిలో టీకా పడని నిద్ర.
అలా రెండు బిల్డింగుల జ్వరాలూ కలిసిపోతే
మందు గొప్పదో, గాలి మారిందో
చెప్పగలిగే గణితం నా దగ్గర లేదు.
గదులు వదిలేసి
మంచాలు పంచుకునే బిల్డింగుల్ని
జతగా ఒకే మూటలో కట్టాను.
అంకె మూడింతలైంది.

డాక్టర్ మోజా కళ్ళద్దాలు తీసి
చాలాసేపు తుడుచుకుంది.
"డబ్బెవరిస్తారు?" అంది.
ఆ తర్వాత, ఇంకాస్త మెల్లగా,
"ఈ సంగతి ఎవరు చెప్పారు?"
పేరు చెప్పలేదు.
మంచం చెప్పింది, అన్నాను.

ఇప్పుడు మళ్ళీ రాత్రి.
మొదటి జ్వరం ఎవరికో
ఎప్పుడూ పాచికలకే వదిలేస్తాను.
ఇవాళ వేలు ఆగింది.
బి బ్లాకు, నాలుగో అంతస్తు, కిటికీ పక్క మంచం,
ఆ ఒక్క గదిని ఆట నుంచి తప్పిద్దామనిపించింది.

తప్పించిన గదికి
రేపు నిజంగా జ్వరమొస్తే
నా దగ్గర జవాబుండదు.
గదిని ఉంచాను.
పన్నెండుగురినీ ఉంచాను.
దగ్గు దాచే రోజుల్ని
మూడు నుంచి తొమ్మిదికి మార్చి
మీట నొక్కాను.