కోసేసిన బెల్టు

ఇబ్రీ ఊరి బయట, రేకుల షెడ్డులో
మూడో కిటికీ నాది.
పొద్దున నాలుగున్నరకే తీస్తాను.
హెల్మెట్లు, తోలు చేతొడుగులు,
కాళ్లకు కట్టుకునే ఇనప ముళ్లు,
నడుము బెల్టులు, పట్టీలు, కొక్కేలు.
సంతకం తీసుకుని ఇస్తాను, సంతకం పెట్టి తీసుకుంటాను.
పన్నెండేళ్లలో నేను ఒక్క స్తంభం కూడా ఎక్కలేదు.

అయినా ఎవడెలా ఎక్కుతాడో బెల్టే చెబుతుంది.
కుడివైపే అరిగితే
వాడు ఒక కాలి మీదే బరువంతా మోపేవాడు.
ఉప్పు తెల్లగా అట్టకట్టిందంటే
వాళ్ల మధ్యాహ్నం విరామాన్ని ఎవడో మింగుతున్నాడు.
కుట్టు కుట్టునీ బొటనవేలితో తడుముతాను.
మెట్‌పల్లి కార్ఖానాలో మా అమ్మ చుట్టిన బీడీలకి
వంకలు వెతికిన సేటు మీద చిన్నప్పుడు పళ్లు నూరాను.
ఇప్పుడు ఆ సేటుని నేనే.

రాజలింగం గౌడ్‌ది రాయికల్ దగ్గర పల్లె.
వచ్చిన మొదటి రోజే బెల్టుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"మోకు వాసన లేదన్నా దీనికి.
మోకుకైతే వాన తెలుస్తది, తడిస్తె బిగుస్తది,
ఇయ్యాల ఎక్కకురా అంటది.
ఇది నోరు తెరవది."
కాళ్లకు గుజి లేకుండా, రొమ్ముకి మొద్దు రాసుకోకుండా ఎక్కడం
పరాయి ఇంట్లో వంగి తిన్నట్టుందట.
పైన మట్టల్లేవు, లొట్టి లేదు.
"ఈ చెట్టుకి ఏం గీస్తమన్నా?"
"పదకొండు వేల వోల్టులు," అన్నాను.
నవ్వి, సంతకం పెట్టాడు. పేరు చివర గౌడ్‌ని మాత్రం పెద్దగా.

గేటు దగ్గర కావలి ముసలాయన సయీద్ బిన్ ఖల్ఫాన్
ఒకప్పుడు ఖర్జూరపు చెట్లెక్కినవాడు.
ఆయన హాబూల్ తాడు ఇంకా మేకుకి వేలాడుతోంది.
ఒక శుక్రవారం వీడు దాన్ని దించి నడుముకి చుట్టుకుని
ముడి వేసి చూపించాడు.
ముసలాయన తల అడ్డంగా ఊపి, ఆ ముడి విప్పి తన ముడి వేశాడు.
వీడు మళ్లీ విప్పాడు.
ఛాయ్ చల్లారింది. ఇద్దరికీ మాట లేదు.
నాకొచ్చిన అరబ్బీ సంగతి ఎవరూ అడగలేదు.

ఆగస్టు, తనామ్ వైపు లైను.
అడ్డకమ్మీ దాటుతూ ఒక కొక్కెం విప్పాడు,
రెండోది తగిలించే ఉంది.
చెయ్యి జారింది.
పట్టీలో ఒక మడత ఉంటుంది, తెగడానికే కుట్టిన కుట్లు దానివి.
అవి టపటపా విచ్చుకుని, పడే బరువునంతా తాగేసి
వాణ్ని గాల్లో ఆపాయి.
ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ రోడెల్ ఎక్కి దించేదాకా
ఆరు నిమిషాలు వేలాడాడట.
తర్వాత నీళ్లు కూడా అడగలేదట, చెప్పు ఎటు పడిందని అడిగాడట.

సాయంత్రం కిటికీ దగ్గరికొచ్చాడు.
"ఆ బెల్టు నాకియ్యన్నా.
మా నాయిన జారినప్పుడు ఆపిన మోకుకి
కాటమయ్య పండుగకు పసుపు కుంకుమ పెడ్తం. ఇది గూడ ఆపింది గద."

రూలు ఉంది.
ఒక్కసారి మనిషిని ఆపిన బెల్టు
మళ్లీ నడుముకి తగలకూడదు. కోసి రాయాలి.
"గోడకే పెడ్తావా? ఎవడూ కట్టుకోడా?"
వాడు చాలాసేపు కొక్కేన్ని తిప్పుతూ నిలబడ్డాడు.
"తమ్ముడు కట్టుకుంటడు," అన్నాడు. అబద్ధం ఆడలేదు.
"వాడింకా చెట్లెక్కుతడు."
"అందుకే."

కత్తెర దిగలేదు.
హాక్సా తెచ్చాను. రెండో కొన వాడే పట్టుకున్నాడు,
లేగని కట్టేసే పలుపు పట్టుకున్నట్టు బిగించి.
ఒక్కో పోగూ చచ్చేముందు వేడెక్కింది.
ఏడు ముక్కలు.
రిజిస్టర్‌లో కారణం అనే గడి ఉంటుంది.
పాతబడింది, కాలింది, ఆసిడ్ పడింది,
ఇన్నేళ్లూ రాసినవి అవే.
పెన్ను కాసేపు ఊరికే పట్టుకుని
పని చేసింది, అని రాశాను.

మర్నాడు నాలుగున్నరకి వరసలో మొదట వాడే.
కొత్త బెల్టు ఇచ్చాను.
వాసన చూడలేదు.
కిటికీ చువ్వకి కొక్కెం తగిలించి
వెనక్కి వాలి
రెండుసార్లు గుంజి చూసుకున్నాడు.
షెడ్డు కిర్రుమంది.
"తమ్మునికి గూడ ఒకటి ఎంతైతదన్నా?" అన్నాడు,
సంతకం పెడుతూ, తల ఎత్తకుండా.