వలకన్ను

బెర్మియో రేవులో వలలు కుట్టేదాన్ని.
తలలోంచి నిమ్మకాయంత తీశారు.
నువ్వుగింజంత మిగిలింది,
మాటలు పుట్టే చోటికి ఆనుకుని.

"రేడియేషన్ ముప్పై సిట్టింగులు,
లేదా ఆర్నెల్లకోసారి స్కాను తీసి చూద్దాం,"
అన్నాడు బిల్బావో డాక్టరు.
చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు.
కాగితం మీద శాతాలు రాసి
పెన్ను నావైపు తిప్పాడు.

చిన్న చిరుగేలే అని వదిలేసిన వల
నడిసంద్రంలో నోరు తెరవడం చూశాను.
మళ్ళీ మళ్ళీ కుట్టి బిగించిన చోట
పక్కనున్న మంచి దారం పిగిలిపోవడమూ చూశాను.

నెకానే అడిగింది, "మీ ఆయన పేరు మర్చిపోతేనో?"
"ఇరవయ్యేళ్ళుగా అదే ప్రయత్నం" అన్నాను.
నవ్వు ఆగాక
ఇద్దరికీ సూది కనబడలేదు.

నిన్న మాస్కు చూపించారు.
తెల్లటి ప్లాస్టిక్ వల.
వేడినీళ్ళలో ముంచి ముఖం మీద పరిస్తే
ముక్కూ గడ్డమూ అచ్చు దిగుతాయట,
బల్లకు బిగిస్తారట.
నలభయ్యేళ్ళలో ఒక్కసారీ
చేప వైపు నుంచి ఆలోచించలేదు.

సంతకం ఇంకా పెట్టలేదు.
కానీ నర్సు అటు తిరగ్గానే
నా వేళ్ళు, వాటంతటవే,
ఆ వలకన్నులన్నీ తడిమాయి,
ఎక్కడైనా తెగిందేమోనని.